ఎడమ పెట్టె

ఇవాళ వీటిని పంపించేస్తాను, అందులో మార్పు లేదు, ఒక గంట కుర్చీలో కూర్చోబెట్టినంత మాత్రాన నేను మెత్తబడిపోతానని ఆయన అనుకుంటే అది ఆయన భ్రమ, ఇన్నేళ్ళుగా జనం ఇళ్ళ కిటికీలకు కర్టెన్లు కుట్టి అమ్ముతున్నదాన్ని, దుకాణం మెట్టెక్కగానే ఎవరు కొంటారో ఎవరు ఊరికే గుడ్డ నలిపి చూసి పోతారో మొహం చూసి చెప్పగలను, అలాంటి నన్ను ఈ రెండు బుల్లి పెట్టెలు బుట్టలో వేసుకుంటాయా. స్పీకర్ల దుకాణదారుని వెంటబెట్టుకుని వస్తానని ఆయన ఇప్పుడే వెళ్ళారు. ఫోన్ చేస్తే అతనే వచ్చి పట్టుకుపోయేవాడు, కానీ ఈ మధ్య ఆయనకు ఫోనంటే చిరాకు, అంత ఎండలో నడిచే వెళ్తానన్నారు, సరే వెళ్ళండి, కాళ్ళకు మంచిదే అన్నాను. గుమ్మంలో చెప్పులు వేసుకుంటూ, "ఒక్కసారైనా ఆ కుర్చీలో కూర్చుని వినవోయ్. నువ్వు వినకుండానే పంపేస్తే నాకు బాధగా ఉంటుంది" అన్నారు. బాధట. "ఎడమదాంట్లో శబ్దం తగ్గిందని నీకే తెలుస్తుంది. నేను ఊరికే వంకలు పెట్టడం లేదని అతనికి నువ్వే చెబుదువుగాని" అని కూడా అన్నారు. అంటే నేను సాక్షిని అన్నమాట. సాక్ష్యం చెప్పడానికి నాకేం అభ్యంతరం లేదు, పాడైన సరుకని చెప్పి వదిలించుకోవడం కంటే సుఖం ఏముంది, వద్దు మహాప్రభో అని మొదటిరోజు నుంచీ మొత్తుకుంటున్నది నేనే కదా, ఎవరైనా విన్నారా.

ఎంతలేసి ధర! చెప్పుల పెట్టెను నిలబెడితే ఎంతుంటుందో ఒక్కోటి అంతే ఉంది, ఎత్తబోతే మాత్రం చెయ్యి లాగేస్తుంది, చుట్టూ నున్నటి చెక్క, ముందు అరచేతిలో ఇమిడే నల్లటి గుండ్రం ఒకటి, దానిమీద బొట్టుబిళ్ళకంటే కొంచెం పెద్ద గుండ్రం ఇంకొకటి, అంతే, ఇంకేం లేదు. ఈ డబ్బు పెడితే నా దుకాణానికి కొత్త కోతబల్లా, ఇంకో కుట్టు మిషనూ వచ్చేవి. వెనకటి ఇంట్లో బీరువాలంత స్పీకర్లు ఉండేవి, ఈ చిన్న ఇంటికి మారేటప్పుడు గుమ్మం పట్టక ఎవరికో ఇచ్చేశాం, అప్పుడాయన మొహం చూడాలి, కన్న బిడ్డల్ని దత్తతకిచ్చినట్టు వాటి వెనక మెట్ల చివరిదాకా దిగారు. అప్పటి నుంచీ చిన్న స్పీకర్ల మీద పడ్డారు, ఉద్యోగం ఉన్నన్నాళ్ళూ తీరిక లేదు, రిటైరయ్యాక తీరికే తీరిక. ఇంట్లో ఉన్న రేడియోకేం రోగం, పాట వినపడుతోంది కదా, అంటే "వినపడటం వేరు" అంటారు. దుకాణదారు ఒక బట్టతలాయన, మాటలు అతనికి వెన్నతో పెట్టిన విద్య, "చిన్నదాన్ని బాగా చెయ్యడమే కష్టం మేడమ్, పెద్ద పెట్టెలో ఏ తప్పు చేసినా ఆ హోరులో కలిసిపోద్ది, చిన్నదాంట్లో దాక్కోడానికి చోటుండదు" అని నాకు పాఠం చెప్పబోయాడు. నేను కర్టెన్లమ్మిని, నాకా చెప్పడం, గుడ్డకి ఇంతా అని కొనేవాళ్ళు అడిగినప్పుడు లోపల అస్తరు ఉందండీ, అది కనపడదు, పదేళ్ళయ్యాక తెలుస్తుంది అని నేనూ ఇలాగే చెబుతాను, అది నిజం కూడా, కానీ ఇప్పుడా మాట నేనెందుకు ఒప్పుకోవాలి. "నెల్లాళ్ళు ఇంట్లో పెట్టుకోండి, నచ్చకపోతే తీసుకుపోతాను" అన్నాడు. తెచ్చి పెట్టాడు. నా కుట్టు సామాను ఉండే మూల ఖాళీ అయింది, నా టేపు మాయమైంది, చూస్తే ఆయన చేతిలో ఉంది, ఈ గోడ నుంచి పెట్టెకెంత, పెట్టె నుంచి కుర్చీకెంత, రెండూ సరిసమానంగా ఉండాలట, కుర్చీ కాళ్ళ దగ్గర సుద్దముక్కతో గీతలు కూడా గీశారు, తుడిచేటప్పుడు చెరపొద్దని నాకు హుకుం.

అలవాటు ఎక్కడికి పోతుంది. తూనికలూ కొలతల శాఖలో ఉద్యోగమంటే ఊరికే కాదు, ఇత్తడి తూకపురాళ్ళ పెట్టె చంకన పెట్టుకుని అంగడి అంగడికీ తిరిగి త్రాసులు తనిఖీ చెయ్యడం, రాళ్ళను ఉత్త చేత్తో ముట్టుకుంటే చెమటంటి బరువు మారుతుందని మెత్తటి గుడ్డ తొడుగు వేసుకుని పట్టుకునేవారు, కొట్లవాళ్ళు ఆయనకు ముల్లుగారని పేరు పెట్టారు, త్రాసు ముల్లులాగే ఎటూ మొగ్గని మనిషని. ముల్లుగారొస్తున్నారంటే బజారంతా త్రాసులు తుడిచి పెట్టుకునేదట. నేను బజారుకెళ్తే నాకు మాత్రం ఏ కొట్టులోనూ ఒక్క గింజ కొసరు వచ్చేది కాదు, కచ్చితంగా తూచి పొట్లం కట్టేసేవాళ్ళు, ఆ మొగుడికి పెళ్ళామైనందుకు నాకు మిగిలిన భాగ్యం అది.

సరే, కూర్చున్నాను. కుర్చీ మెత్తగానే ఉంది. ఏ మీట నొక్కాలో చీటీ అంటించి పెట్టి వెళ్ళారు, నన్నేమనుకుంటున్నారో, నొక్కాను. ఆయనకిష్టమైన ఆ పాత పాటే, ఒకావిడ పాడుతుంది, వెనక ఒక వయొలిన్, అంతకుమించి హంగులేం లేవు, వంటింట్లోంచి వెయ్యిసార్లు విన్నాను, గిన్నెల చప్పుడులో, మిషను చప్పుడులో, ఎదురుగా కూర్చుని మాత్రం ఎన్నడూ వినలేదు, ఎవరికి తీరిక. ముందు వయొలిన్ వచ్చింది. కొంచెం ఎడమ పక్కకి, కిటికీ దగ్గర, వాయించేవాడు అక్కడ కూర్చుని ఉన్నంత స్పష్టంగా. తర్వాత ఆవిడ గొంతెత్తింది. నేను అటూ ఇటూ చూశాను, నిజంగానే చూశాను, చెప్పుకుంటే సిగ్గు. గొంతు ఈ పెట్టెలోంచీ రావడం లేదు, ఆ పెట్టెలోంచీ రావడం లేదు. రెండింటికీ నడుమ ఉత్త గోడ ఉంది, ఈ ఇంట్లోకి రాకముందు ఎవరో గడియారం తగిలించుకున్న మేకు ఒకటి దానికి మిగిలిపోయింది, దాన్ని పీకండి అని ఎన్నిసార్లు చెప్పానో, సరిగ్గా ఆ మేకు దగ్గర నిలబడి పాడుతోంది ఆవిడ. నా ఎత్తే ఉంటుంది. అక్కడ ఎవరూ లేరని నాకు తెలుసు, కళ్ళు మూసుకుంటే మాత్రం లేచి నిలబడి రండి కూర్చోండి అనాలనిపించింది. నా చేతుల మీద రోమాలు నిక్కబొడుచుకున్నాయి. ఇదా ఆయన చెప్పింది. పెట్టెలు వచ్చిన మొదటి వారంలో ఒక సాయంత్రం చిన్నపిల్లాడిలా వంటింటి గుమ్మం దాకా పరుగెత్తుకొచ్చారు, "రావోయ్, ఒక్కసారి రా, మధ్యలో నిలబడింది చూడు, ఆ మేకు దగ్గర" అన్నారు, నా చేతిలో ఎవరిదో పెళ్ళి హాలు కర్టెను ఉంది, అంచు మడత సగంలో ఉంది, తర్వాత వస్తాలెండి అన్నాను. తర్వాత నేను వెళ్ళలేదు, ఆయనా మళ్ళీ పిలవలేదు, ఎందుకంటే ఆ తర్వాత జలుబు చేసి రెండు రోజులు పడుకున్నారు, లేచాక ఎడమది తగ్గిందని గొడవ మొదలైంది.

ఆగు. ఎడమది తగ్గితే ఈవిడ మధ్యలో ఎలా నిలబడింది?

పాట మళ్ళీ మొదటి నుంచి పెట్టాను. ఆయన చెప్పింది వేరు. గొంతు కుడి పెట్టెకి అతుక్కుపోయిందన్నారు, వయొలిన్ ఎక్కడో నూతిలో ఉన్నట్టుందన్నారు. ముందు నా కర్టెన్ మీద పడ్డారు. ఎడమ వైపు కిటికీకి ఉన్నది మామూలు కర్టెను కాదు, నేను దుకాణం పెట్టిన కొత్తలో మొట్టమొదట కుట్టుకున్నది, రెండు పొరల అస్తరుతో, అన్ని ఇళ్ళు మారినా నాతో వచ్చింది. "ఆ మందపాటి గుడ్డ శబ్దాన్ని మింగేస్తోంది" అన్నారు. ఎంత కోపం వచ్చిందో నాకు, బల్ల ఎక్కి రింగులు ఊడదీసి కర్టెన్ తెచ్చి ఆయన ఒళ్ళో పడేశాను, మింగిందా, కక్కించండి అన్నాను. బోసి కిటికీలోంచి ఎండ కొట్టింది తప్ప ఎడమది బాగుపడలేదు. తర్వాత వైరన్నారు, కొత్త వైరొచ్చింది. తర్వాత పెట్టెలోనే లోపమన్నారు, బట్టతలాయన ఎడమ పెట్టె మార్చి అదే రకంది కొత్తది తెచ్చి పెట్టాడు, మనసులో ఏమనుకున్నాడో గాని నోటితో ఏమీ అనలేదు. అయినా తగ్గిందనే. చివరికి నిన్న, రెండూ వద్దు, తిప్పి పంపేద్దాం అని ఆయనే అన్నారు, నేను గెలిచానని లోపల లడ్డూ తిన్నంత సంబరపడ్డాను. ఇప్పుడేమో ఈవిడ మేకు దగ్గర నిలబడి ఎటూ జరగకుండా పాడుతోంది. కర్టెన్ లేదు, వైరు కొత్తది, పెట్టె కొత్తది, నాకు రెండు పక్కలా సమానంగా వినపడుతోంది. లేకపోతే నాకు తెలియడం లేదా. నాకేం తెలుసు సంగీతం. కానీ ఇది సంగీతం కాదు కదా, ఎడమా కుడీ, కొలత, కొలత నాకు తెలుసు.

పెళ్ళయిన కొత్తలో ఒక ఆదివారం ఆయన చిన్న ఇత్తడి త్రాసు తెచ్చి బల్ల మీద పెట్టి నాకు తన ఉద్యోగం చూపించారు, ఒక పళ్ళెంలో ఉల్లిపాయ, ఇంకో పళ్ళెంలో రాయి. "ఏ త్రాసునైనా నమ్మే ముందు అటుదిటు ఇటుదటు మార్చి చూడాలి. ముల్లు ఈసారి రెండో పక్కకి మొగ్గితే తేడా సరుకుది. మార్చినా మళ్ళీ అదే పక్కకి మొగ్గిందనుకో, సరుకుని అనొద్దు, రాయిని అనొద్దు. పైనున్న కాడదే తప్పు" అన్నారు. ఎంత బాగా చెప్పారో, నేను ఉల్లిపాయ తీసుకెళ్ళి కూరలో తరిగేశాను, అది కూడా నవ్వుతూ చూశారు. మార్చి చూడాలి. లేచాను. సొరుగులో ఆయన పాత గుడ్డ తొడుగు ఉంది, రాళ్ళు పట్టుకునేది, వేసుకున్నాను, ఈ నున్నటి చెక్క మీద నా వేలిముద్రలు పడితే మళ్ళీ అదో రామాయణం. వెనక ఎర్ర వైరు, నల్ల వైరు, మరలు తిప్పి ఊడదీశాను, ఎడమ పెట్టెను సోఫాలో పడుకోబెట్టాను, కుడిదాన్ని ఎత్తి ఎడమ పక్క నిలబెట్టాను, నడుము పట్టేసింది, ఇంత చిన్నదానికి ఇంత బరువేమిటమ్మా, సోఫాలోదాన్ని కుడి పక్కకి చేర్చాను, ఎర్రది ఎర్రదానికి, నల్లది నల్లదానికి బిగించాను. మళ్ళీ కుర్చీ. మళ్ళీ మీట. వయొలిన్ కిటికీ దగ్గర. ఆవిడ మేకు దగ్గర. వెంట్రుకవాసి కూడా జరగలేదు.

పెట్టెలది కాదు. వైరుది కాదు. నా కర్టెన్‌ది కాదు. గదిలో ఇంకేం మిగిలింది, ఈ కుర్చీ, కుర్చీలో కూర్చునే మనిషి.

పాట ఆపాను. కింద వీధిలో ఎవరో స్కూటరు తొక్కుతున్నారు, అది అంటుకోవడం లేదు. అన్నీ ఒకదాని వెనక ఒకటి వస్తున్నాయి, నేను పిలవకుండానే. పక్కమీద ఆయన కుడి వైపు తిరిగి దిండులో చెవి పెట్టుకుని పడుకుంటారు, ఎప్పుడూ అంతే, మేం చెప్పుకునే కబుర్లన్నీ ఆ వేళలోనే, దుకాణంలో ఎవరేమన్నారో, ఎవరి కిటికీ ఎంత వంకరో నేను చెప్తూ ఉంటాను, ఆయన మధ్యలో నవ్వుతారు. ఈ మూడు వారాలుగా నవ్వు లేదు, ఊఁ కొట్టడం కూడా లేదు. పెట్టెలు వద్దన్నానని అలిగారనుకున్నాను, అలగనీ, నాకూ వచ్చు అలగడం అని నేనూ గోడ వైపు తిరిగాను. పిలిస్తే పలకరు, రెండోసారి గట్టిగా పిలిస్తే "ఎందుకలా అరుస్తావ్" అంటారు. కూతురు ఫోన్ చేసి "అమ్మా, నాన్న నా మాట పెడచెవిన పెడుతున్నారు, నేనొకటి చెప్తే ఆయనొకటి చెప్తారు" అంది, వయసొస్తోంది కదే అన్నాను, తల్లినై ఉండి అంత తేలిగ్గా అనేశాను. ఫోను ఎడమ చేత్తో పట్టుకునే మనిషి కుడి చేతికి మార్చారు, చూశాను, చూసి ఊరుకున్నాను. రోడ్డు మీద నడిచేటప్పుడు నన్ను కుడి పక్కకి నెడతారు, ఎండ తగలకుండా అనుకుని లోపల మురిసిపోయాను కూడా, కోపంలో ఉన్నా నా నీడ సంగతి చూస్తున్నారని. అయ్యో. ఎండ కాదు. నా మాట వినపడాలని.

ఆయనకు తెలుసా? తెలియకుండా ఎలా ఉంటుంది, ఆవగింజంత తేడా పట్టుకునే మనిషికి. మొన్న సాయంత్రం. మొన్నటిది ఇప్పుడు అర్థమవుతోంది. పాట నడుస్తోంది, నేను దీపం కింద కూర్చుని చేత్తో అంచు కుడుతున్నాను, ఆయన కుర్చీ వెనక అలమరలో ఏదో వెతుకుతున్నారు, వీపు స్పీకర్ల వైపు. "ఇదేంటి, ఇప్పుడు కుడిది తగ్గింది" అన్నారు తనలో తను. ఆ మాట అని అలాగే ఆగిపోయారు, చేతిలో పాటల సీడీ డబ్బా పట్టుకుని, ఎంతసేపో. తర్వాత నెమ్మదిగా స్పీకర్ల వైపు తిరిగారు, మళ్ళీ అటు తిరిగారు. వెంటనే పాట ఆపేసి వెళ్ళి చేతులు కడుక్కున్నారు, నీళ్ళు అలా పోతూనే ఉన్నాయి, పంపు కట్టండి అని నేను అరిచాను. పెట్టెలు కదల్లేదు. కదిలింది ఆయన. ఆయనతో పాటు లోపమూ తిరిగింది. మర్నాడే, అంటే నిన్ననే, తిప్పి పంపేద్దాం అన్నారు. ఇన్నాళ్ళూ కర్టెన్ మార్చారు, వైరు మార్చారు, పెట్టెకి బదులు పెట్టె తెప్పించారు, కానీ ఉన్న రెండు పెట్టెల్నీ అటుదిటు ఇటుదటు ఒక్కసారి మార్చి చూడలేదు, జీవితమంతా అదే పని చేసి జీతం తీసుకున్న మనిషి! మార్చి చూస్తే ముల్లు ఏం చెబుతుందో తెలుసు గనక మార్చలేదు. భయపడ్డారు. నా మొగుడు భయపడి, ఒక్కడే భయపడి, ఆ భయాన్ని అట్టపెట్టెలో పెట్టి కొట్టుకి పంపేద్దామనుకున్నారు, పక్కన నేనున్నాను, గోడ వైపు తిరిగి పడుకుని. మరి నన్ను వినమని ఎందుకన్నారు? ఎడమది తగ్గిందని నేను కూడా అంటే, తన చెవి బాగానే ఉన్నట్టే కదా. అందుకని. నేను ఒక్క అబద్ధం చెబితే చాలు, ఆయనకు ఈ రాత్రికి నిద్ర పడుతుంది. ఎంత తేలిక. పెట్టెలు పోతాయి, ధర మిగులుతుంది, కోతబల్ల వస్తుంది, ముల్లుగారి పరువు ముల్లుగారికే ఉంటుంది.

నేను ఏడవను. ఇప్పుడు ఏడిస్తే పని చెడుతుంది. చెవుల డాక్టరమ్మ క్లినిక్‌లో వినికిడి పరీక్ష చేసే చిన్న గదికి మందపాటి తెరలు కుట్టింది నేనే, కొలతలకి వెళ్ళినప్పుడు ఆవిడ ఒక పేషెంటు మీద విసుక్కుంటూ బయటికొచ్చింది, "ఒక చెవి ఉన్నట్టుండి తగ్గితే జలుబనుకుంటారు, గుబిలి అనుకుంటారు, నూనె పోసుకుని కూర్చుంటారండీ. మొదట్లోనే వస్తే కొందరికైనా వెనక్కి తేగలం. నెలలు నానబెట్టి వస్తే నేనేం చెయ్యను" అంది. నేను తల ఊపి కిటికీ వెడల్పు రాసుకున్నాను. ఎవరి గొడవో అనుకున్నాను. ఇప్పటికే మూడు వారాలు నానింది, ఆలస్యమే, కానీ నెలలు కాలేదు, ఇంకా కాలేదు. సాయంత్రం దాకా ఉంటుందావిడ. ఫోన్ చేశాను. తెరలు కుట్టినావిడను అనగానే గుర్తుపట్టింది, సంగతి చెప్పాను, "వెంటనే తీసుకురండి, ఇవాళే" అంది. ఇవాళే. తీసుకెళ్తాను, అందులో మార్పు లేదు, ఆయన రానంటే చెయ్యి పట్టుకు లాక్కెళ్తాను, నాకేం సిగ్గు లేదు.

ఇక ఈ పెట్టెలు. ధర ఎక్కువే, ఆ మాట మీద ఇప్పటికీ నిలబడతాను, బట్టతలాయన మొహం మీదే చెబుతాను. ఆ మేకు దగ్గరి గొంతుకీ రేడియోలో గొంతుకీ ఉన్న తేడా ఎంతంటే, ఎంతని చెప్పను, కొందరికి అసలు తెలియదు, తెలియనివాళ్ళు హాయిగా బతుకుతున్నారు, నేను బతకలేదూ. కానీ ఆ రేడియో ముందు ఆయన ఇంకో ఏడాది కూర్చున్నా ఈ సంగతి తెలిసేది కాదు, అన్నీ ఒకే గుంటలోంచి వచ్చే చోట ఎడమేమిటి కుడేమిటి. దాక్కోడానికి చోటుండదన్నాడు కదా అతను, తన పెట్టెల గురించే అనుకుని అన్నాడు. ఒకవేళ ఆ చెవి తిరిగి రాకపోతే? రెండు పెట్టెలు, ఒక్క చెవి, దండగ కాదూ అని లోకం అంటుంది, నాలో ఉన్న దుకాణదారు కూడా అంటుంది, అననీ. ఆ పాడే ఆవిడ మధ్యలో నిలబడటం ఆయన చూశారు, ఇవాళ నేనూ చూశాను, ఇక ఆ మాట మా ఇద్దరి మధ్యా ఉంటుంది. ఆయనకు ఆ గొంతు కుడి పక్కకి జరిగిపోయినప్పుడల్లా నేను పక్కన కూర్చుని చెబుతాను, లేదండీ, మేకు దగ్గరే ఉంది అని. కర్టెన్ కూడా మళ్ళీ తగిలిస్తాను. తగిలించాకే పాట.

మెట్ల మీద అడుగులు. తలుపు తెరిచే ఉంచాను. బట్టతలాయన ఖాళీ అట్టపెట్టె మోసుకుంటూ ముందొచ్చాడు, వెనక ఆయన, చొక్కా చెమటతో వీపుకంటుకుపోయింది, గుమ్మం పక్క గోడకి కుడి చెయ్యి ఆనించి వంగి చెప్పులు విప్పుకుంటున్నారు. నా వైపు ఆయన ఎడమ పక్క ఉంది. దగ్గరగా వెళ్ళాను, చెవికి జానెడు దూరంలో నిలబడి, మామూలు గొంతుతోనే, పక్కమీద కబుర్లు చెప్పే గొంతుతో, "మీ మీద నాకు కోపం లేదండీ" అన్నాను. బట్టతలాయన ఇబ్బందిగా మొహం తిప్పుకున్నాడు, అతనికి వినపడింది. ఆయన ఒక చెప్పు విప్పి పక్కన పెట్టి రెండోదాని పట్టీ ఊడదీస్తున్నారు.

"ఎడమదే కదా సార్ తేడా?" అన్నాడు బట్టతలాయన.

"అవునయ్యా. అడుగు, మా ఆవిడ కూడా విన్నది" అంటూ లేచి ఆశగా నా మొహంలోకి చూశారు. ఆ చూపు నేను భరించలేనేమో అనుకున్నాను. భరించాను. ఆయన ముందు నుంచి నడిచి కుడి పక్కకి వచ్చాను.

"రెండూ మార్చి చూశాను" అన్నాను. "అటుదిటు, ఇటుదటు."

త్రాసులో మోసం పట్టుబడ్డ కొట్టువాళ్ళు ఎలా చూసేవారో ఆయన నాకు చాలాసార్లు చేసి చూపించి నవ్వించారు. ఇప్పుడు ఆయన చూపు అలా లేదు. మోస్తున్న బరువేదో ఎవరో పట్టుకుంటే దింపిన మనిషిలా ఉన్నారు, అంతసేపూ గోడకి ఆనించిన చెయ్యి జారిపోయింది.

"మార్చి చూశావా" అన్నారు. చాలా మెల్లగా, "ముల్లు ఎటు మొగ్గింది?" అన్నారు.

"ఎటూ మొగ్గలేదు. మేకు దగ్గరే ఉంది."

ఆయన తల ఊపారు. ఒక కాలికి చెప్పుంది, ఒక కాలికి లేదు. "మొన్ననే అనుకున్నాను. నీకు చెబుదామనే..." అని ఆపేశారు.

"ఆ చెప్పు మళ్ళీ వేసుకోండి. డాక్టరమ్మ మన కోసం కూర్చుని ఉంది" అన్నాను. బట్టతలాయన వైపు తిరిగి, "ఇవి ఇక్కడే ఉంటాయి. ఆ అట్టపెట్టె పట్టుకెళ్ళండి. మీ ధర మాత్రం అన్యాయం" అన్నాను. అతను అట్టపెట్టె చంకలో పెట్టుకుని మాకంటే ముందే దిగిపోయాడు.

మెట్లు దిగి వీధిలోకి రాగానే ఆయన అలవాటుగా నన్ను తన కుడి పక్కకి చేర్చుకున్నారు. అక్కడుంటే దారిపొడవునా నా మాట ఆయనకు వినపడుతుంది, మూడు వారాల కబుర్లు పేరుకుని ఉన్నాయి, నాకూ నోరు ఊరుకోవడం లేదు. పెద్ద రోడ్డు దగ్గరికొచ్చాం, అది వన్‌వే, బస్సులన్నీ ఎడమ నుంచే వస్తున్నాయి. నేను ఆయన ముందు నుంచి దాటి ఎడమ పక్కకి వెళ్ళాను, మోచెయ్యి గట్టిగా పట్టుకున్నాను. ఆయన వద్దనలేదు. ఏమీ మాట్లాడుకోకుండా రోడ్డు దాటాం.